కావలివాడు పొరబడితే?

పిల్లలూ! మీకొక చిన్న ప్రోగ్రాము కావలసివచ్చి ఇంటర్నెట్టులో వెదికారనుకోండి. దొరికింది. డౌన్‌లోడ్ చేశారు. తెరవబోయేసరికి కంప్యూటరు తెర మీద ఒక మూల ఎర్రగా ఓ హెచ్చరిక: "ప్రమాదం! ఈ ఫైలులో ట్రోజన్ ఉంది." ఆ ప్రోగ్రామును ఉంచినవాళ్లేమో పక్కనే ఇలా రాసిపెట్టారు: "యాంటీవైరస్ కేకలు పట్టించుకోకండి. దాన్ని కాసేపు ఆపి, మా ప్రోగ్రామును ఎక్కించుకోండి."

ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి? కావలివాడి మాటా, గుమ్మంలో నిలబడ్డవాడి మాటా?

కొందరు హెచ్చరిక కనబడగానే హడలిపోయి, మంచి ఫైలునైనా తుడిచివేస్తారు. మరికొందరు "దీనికిది అలవాటే" అని యాంటీవైరస్‌ను ఆపేస్తారు. ఇద్దరూ ఆలోచించకుండా తీర్పు చెప్పినవారే. అసలు ఈ కేక ఎలా పుడుతుందో, అప్పుడప్పుడు ఎందుకు తప్పుతుందో తెలిస్తే, ఏం చేయాలో మనకే తోస్తుంది.

దొంగను పట్టే మూడు దారులు

పోలీసులు పాత నేరస్థుల వేలిముద్రలు దాచి ఉంచుతారు కదా! యాంటీవైరస్ కూడా అలాగే చేస్తుంది. ఇదివరకు దొరికిన ప్రతి వైరస్ నుంచి దానికే ప్రత్యేకమైన ఒక ముక్కను తీసి జాబితాలో పెట్టుకుంటుంది. ఈ ముక్కను సిగ్నేచర్ అంటారు. కొత్త ఫైలు రాగానే అందులో అలాంటి ముక్క ఉందేమోనని పోల్చి చూస్తుంది. ఇది మొదటి దారి. కాని నిన్న రాత్రి ఎవడో తయారుచేసిన వైరస్ వేలిముద్ర జాబితాలో ఉండదు.

అందుకే రెండో దారి: తీరును బట్టి అనుమానించడం. ఒక ప్రోగ్రాము తన నకళ్లు తానే తీస్తోందా? మీరు నొక్కే మీటలను రహస్యంగా రాసుకుంటోందా? తన లోపలి ఆజ్ఞలు ఎవరికీ కనబడకుండా మూటకట్టి దాచిందా? ఇలాంటి గుర్తులు చూసి అంచనా వేసే ఈ పద్ధతిని హ్యూరిస్టిక్ పద్ధతి అంటారు.

మూడో దారి పరపతి. లక్షలమంది వాడుతున్న ఫైలుకు మంచిపేరు ఉంటుంది. ఇంతవరకు ఎవరూ చూడని ఫైలు ఊరికి కొత్తమనిషి లాంటిది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచుతారు.

రెండో దారి, మూడో దారి మన ప్రయోగశాలలోని లిట్మస్ కాగితం వంటివి. నీలి లిట్మస్ ఎర్రబడితే అక్కడ ఆమ్లం ఉందని తెలుస్తుంది. అది నిమ్మరసమో, సల్ఫ్యూరిక్ ఆమ్లమో కాగితం చెప్పదు. అనుమానించదగ్గ గుర్తు ఉందని మాత్రమే యాంటీవైరస్ చెబుతుంది. ఆ గుర్తు మంచి ప్రోగ్రాములోనూ ఉండవచ్చు.

ఉదాహరణకు, మీరు పైథాన్ భాషలో ఎక్కాల ఆట ఒకటి రాశారనుకుందాం. దాన్ని పైఇన్‌స్టాలర్ అనే సాధనంతో ఒకే ఫైలుగా మూటకట్టి స్నేహితుడికి పంపారు. అతని యాంటీవైరస్ కేక పెట్టవచ్చు. ఎందుకంటే వైరస్‌లు రాసేవారిలో కొందరు ఇదే సాధనం వాడారు. మూట ఒకేలా కనబడుతోంది. పైగా మీ ఆటను లోకంలో ఇంకెవరూ చూడలేదు. అంటే రెండు అనుమానాలు ఒకేసారి! మీ ఆటలో దోషం లేకపోయినా కేక తప్పలేదు. దీన్నే తప్పుడు హెచ్చరిక అంటారు.

2010 ఏప్రిల్ 21

తప్పుడు హెచ్చరికతో పోయేదేముంది, కాస్త చికాకు తప్ప అనుకుంటున్నారా? ఆ రోజు అమెరికాకు చెందిన మెకాఫీ సంస్థ తన యాంటీవైరస్‌కు కొత్త సిగ్నేచర్ల జాబితా పంపింది. ఆ జాబితా సంఖ్య 5958. అప్పట్లో ఆఫీసుల్లో విండోస్ ఎక్స్‌పీ ఎక్కువగా వాడేవారు. అందులో ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలు ఉంటుంది. విండోస్ చేసే ఎన్నో పనులు దాని మీదే ఆధారపడి నడుస్తాయి. కొత్త జాబితా ఈ ఫైలును చూసి వీకార్ల్ అనే వైరస్ అనుకుంది!

ఇంకేముంది, ఇంటి దూలాన్నే దొంగ అనుకుని పీకినట్లయింది. కంప్యూటర్లకు నెట్‌వర్కు తెగిపోయింది. ఎన్నో యంత్రాలు వాటంతట అవే ఆగిపోతూ, మళ్లీ మొదలవుతూ, మళ్లీ ఆగిపోతూ ఉండిపోయాయి. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో కొన్ని ఆసుపత్రులు ఆపరేషన్లను వాయిదా వేసుకోవలసి వచ్చింది. సంస్థ కొన్ని గంటల్లోనే పొరపాటును గుర్తించి ఆ జాబితాను వెనక్కి తీసుకుంది. కాని అప్పటికే దెబ్బతిన్న కంప్యూటర్లను బాగుచేసేవాళ్లు ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లవలసి వచ్చింది.

ఇది ఒక్క సంస్థకే జరిగిన పొరపాటు కాదు. 2011 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ వారి యాంటీవైరస్ గూగుల్ క్రోమ్ బ్రౌజరును దొంగ ప్రోగ్రాము అనుకుని కొందరి కంప్యూటర్ల నుంచి తీసివేసింది. 2012 సెప్టెంబరులో సోఫోస్ సంస్థ యాంటీవైరస్ ఏకంగా తన సొంత ఫైళ్లనే పట్టుకుంది!

ఎన్నడూ పొరబడనివాడు ఉంటాడా?

ఇంత పెద్ద సంస్థలు తప్పే చేయని యాంటీవైరస్‌ను తయారుచేయలేవా? చేయలేవు. అది వారి చేతకానితనం కాదు. అది సాధ్యం కాదని అమెరికాకు చెందిన ఫ్రెడ్ కోహెన్ 1984లో చక్కని తర్కంతో చూపించాడు. ఆ తర్కం మీరూ అర్థం చేసుకోగలరు.

ఏ ప్రోగ్రామును చూపినా "వైరస్" లేక "కాదు" అని ఎన్నడూ తప్పకుండా చెప్పే పరీక్షకుడు ఒకడున్నాడని అనుకుందాం. ఇప్పుడు ఒక కొంటె ప్రోగ్రాము రాద్దాం. అది ముందుగా ఆ పరీక్షకుణ్ణే "నేను వైరస్‌నా?" అని అడుగుతుంది. "అవును" అంటే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. "కాదు" అంటే వెంటనే వ్యాపించడం మొదలుపెడుతుంది. చూశారా తమాషా! "అవును" అంటే అది ఎవరికీ హాని చేయలేదు కాబట్టి జవాబు తప్పు. "కాదు" అంటే అది వ్యాపించింది కాబట్టి ఆ జవాబూ తప్పే. అంటే అలాంటి పరీక్షకుడు ఉండడానికి వీల్లేదన్నమాట.

కాబట్టి ప్రతి యాంటీవైరస్‌కూ రెండు రకాల తప్పులు తప్పవు. మంచివాణ్ణి దొంగ అనడం ఒకటి. దొంగను మంచివాడనుకుని వదిలేయడం రెండోది. అనుమానం పెంచితే మొదటి తప్పు పెరుగుతుంది, తగ్గిస్తే రెండోది పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క

మరి కేక వినబడితే అది నిజమయ్యే అవకాశం ఎంత? కాగితం, పెన్సిలు తీసుకోండి. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే సుమా!

మన యాంటీవైరస్ చెడ్డ ఫైళ్లన్నిటినీ పట్టేస్తుందని, మంచి ఫైళ్లలో వెయ్యికి ఒకదాని మీద పొరబాటున కేక పెడుతుందని అనుకుందాం.

పేరున్న తయారీదారుల సొంత సైట్ల నుంచి 10,000 ఫైళ్లు తెచ్చారు. అందులో చెడ్డవి 10. ఆ పదింటికీ కేకలు వస్తాయి. మిగిలిన 9,990 మంచి ఫైళ్లలో వెయ్యికి ఒకటి చొప్పున దాదాపు 10 తప్పుడు కేకలు. మొత్తం 20 కేకల్లో సగం తప్పే!

ఇప్పుడు డబ్బుపెట్టి కొనవలసిన ఆటలను దొంగతనంగా ఉచితంగా పంచే సైట్ల నుంచి 10,000 ఫైళ్లు తెచ్చారు. అందులో చెడ్డవి 2,000. వాటికి 2,000 కేకలు. మిగిలిన 8,000 మంచి ఫైళ్లలో తప్పుడు కేకలు 8. మొత్తం 2,008 కేకల్లో తప్పు 8. అంటే 251 కేకల్లో ఒక్కటే తప్పు.

కావలివాడు అతడే. అతని చూపు మారలేదు. అయినా ఒకచోట అతని కేక సగానికి సగం తప్పు, ఇంకోచోట దాదాపు ఎప్పుడూ నిజం. కారణం, ఫైలు వచ్చిన చోటు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోదలిస్తే ఇదే గుర్తుంచుకోండి: హెచ్చరిక విలువ ఫైలు ఎక్కడినుంచి వచ్చిందనే దాన్ని బట్టి మారుతుంది. "యాంటీవైరస్ ఆపివేయండి" అనే సలహా ఎక్కువగా కనబడేది రెండో రకం చోట్లలోనే. అక్కడ ఆ సలహా పాటించడమంటే దొంగ మాట విని కావలివాణ్ణి ఇంటికి పంపడమే.

కేక వినబడితే

"నాన్నా, పులి!" కథ మీకు తెలిసిందే. ఆ పిల్లవాడు కావాలని అబద్ధమాడాడు. యాంటీవైరస్ అమాయకంగా పొరబడుతుంది. కాని ఫలితం ఒకటే కావచ్చు. విసిగిపోయినవారు నిజంగా పులి వచ్చిననాడు కదలరు. అలా కాకుండా ప్రతిసారీ ఈ వరుస పాటించండి.

మొదట, ఫైలును తెరవకండి, తుడిచివేయకండి. యాంటీవైరస్ దాన్ని క్వారంటైన్‌లో పెడుతుంది. కరోనా రోజుల్లో ఈ మాట అందరికీ అలవాటైంది కదా! అక్కడున్న ఫైలు పనిచేయలేదు. అవసరమైతే తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు.

రెండోది, హెచ్చరికలో ఉన్న పేరు చదవండి. అందులో "జనరిక్", "హ్యూర్", "సస్పీషియస్" వంటి మాటలుంటే యాంటీవైరస్ ఎక్కువగా అంచనా మీద చెబుతోందన్నమాట. అంతమాత్రాన అది తప్పని కాదు, విచారణ అవసరమని అర్థం.

మూడోది, ఫైలు తయారీదారు సొంత సైటు నుంచే వచ్చిందా చూడండి. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే, సంతకం చేసిన ఫైళ్లకు "డిజిటల్ సిగ్నేచర్స్" అనే పుట కనబడుతుంది. అందులో తయారీదారు పేరు ఉంటుంది. కొందరు తయారీదారులు షా-256 అనే 64 అక్షరాల గుర్తును కూడా తమ సైటులో ప్రకటిస్తారు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఈ గుర్తు పూర్తిగా మారిపోతుంది. దాన్ని లెక్కగట్టే ఆజ్ఞ విండోస్‌లోనే ఉంది. మీ కంప్యూటరు మాస్టారిని అడిగితే చూపిస్తారు.

నాలుగోది, నలుగురినీ అడగండి. 2004లో స్పెయిన్‌లో మొదలై, 2012 నుంచి గూగుల్ చేతిలో ఉన్న వైరస్‌టోటల్ అనే సేవకు ఫైలును ఇస్తే, డజన్లకొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షిస్తుంది. పేరున్నవన్నీ ఊరుకుని, ఒకటో రెండో మాత్రమే కేక పెడితే తప్పుడు హెచ్చరిక కావచ్చు. ఎక్కువ భాగం కేక పెడితే ఇక సందేహించకండి. అయితే అక్కడ ఇచ్చిన ఫైళ్లను పరిశోధకులు చూడగలరు కాబట్టి సొంత ఉత్తరాలు, ఫోటోలు అక్కడ ఇవ్వకండి.

ఇన్ని చూసినా సందేహం మిగిలితే ఆ ప్రోగ్రాము మానుకోండి. పేరున్నవాళ్లూ మోసపోయిన రోజులున్నాయి. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాములోకి దొంగలు చొరబడి, అసలైన డిజిటల్ సంతకంతోనే చెడ్డ ఫైలును జనంలోకి పంపారు. కొన్ని వారాలపాటు అది ఎవరికీ తెలియలేదు.

మంచి కావలివాణ్ణి ఎంచుకోవడం

ఎక్కువ కేకలు పెట్టేవాడు మంచి కావలివాడు కాడు, అసలు నోరు మెదపనివాడూ కాడు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారెటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లను పరీక్షించి ఫలితాలు ప్రకటిస్తాయి. ఎన్ని దొంగలను పట్టిందనే మార్కులతో పాటు, ఎన్నిసార్లు పొరబడిందో కూడా చూడండి. ప్రకటనలో రెండోది రాయరు!

2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తోంది. చాలామందికి అది చాలు, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉంటే. మనదేశ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా వైరస్‌లను తొలగించే సాధనాలను ఉచితంగా ఇస్తోంది. రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి కాపలా పెట్టకండి. ఒకదాన్నొకటి అనుమానించుకుంటాయి.

ఇంకో జాగ్రత్త. ఏదో పేజీ చూస్తుండగా "మీ కంప్యూటరులో 37 వైరస్‌లున్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెరనిండా కనబడితే, అది కావలివాడి వేషం వేసుకున్న దొంగ. వెబ్ పేజీ మీ కంప్యూటరునంతా వెదికి చూడలేదు. ఆ పేజీని మూసేయండి. ఇంట్లో ఎవరైనా అలా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి.

ఇక మీకొక లెక్క. 10,000 ఫైళ్లలో చెడ్డవి 100. మీ యాంటీవైరస్ నూటికి 90 చెడ్డవాటిని పడుతుంది. మంచివాటిలో వెయ్యికి ఒకదాని మీద పొరబడుతుంది. మొత్తం కేకలెన్ని? అందులో తప్పుడు కేకలెన్ని? కేక లేకుండా చల్లగా లోపలికి వచ్చిన చెడ్డ ఫైళ్లెన్ని? మూడో జవాబు చూశాక, "కేక రాలేదు కాబట్టి భయం లేదు" అనే మాట ఎంతవరకు నిజమో మీ స్నేహితులతో చర్చించండి.