ఒకే బాట – రెండు చలికాలములు

మేడ్చల్ మీదుగా సాగిపోవు 44వ జాతీయ రహదారి శ్రీనగరమున మొదలై కన్యాకుమారిలో ముగియును. పుష్యమాసపు రాత్రులలో ఆ కొసన ఈ బాటపై మంచు గడ్డకట్టును. ఈ చెంత తడి మాత్రమే నిలుచును. బాట యొకటే, చలి చేయు పని వేరు.

నేల గడ్డకట్టినపుడు బాట యేల ఉబ్బును? నీరు మంచుగడ్డయైనపుడు నూటికి 9 పాళ్లు పెరుగుననుట నిజమే కాని, అది పూర్తి సమాధానము కాదు. అమెరికా భూవిజ్ఞాని స్టీఫెన్ టేబర్ నీటికి బదులు బెంజీనుతో మట్టిని తడిపి గడ్డకట్టించి, ఫలితమును 1930లో ప్రకటించెను. బెంజీను గడ్డకట్టునపుడు కుంచించుకొనును; అయినను మట్టి ఉబ్బెను! దీపపు వత్తి నూనెను పీల్చునట్లు, సన్నని మట్టి క్రింది తడిని చలిపొర వైపునకు లాగికొనును. అచట మంచు పొరలుగా పేరుకొని బాటను పైకెత్తును. వసంతమున అది కరగి, నీరు ఇంకుటకు దారిలేక, పునాది బురదయగును. అందుచేతనే కెనడా మున్నగు శీతలదేశములలో ఆ ఋతువున కొన్ని బాటలపై లారీల బరువునకు హద్దు విధింతురు.

హైదరాబాదున 1946 జనవరి 8వ తేదీన ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగినది. అంతటి చలికిని బాట క్రింది నేల గడ్డకట్టదు. మన బాటల గుంటలకు వాననీరు ప్రధాన కారణము గాని, చలి గాదు. అట్లని చలికాలము మనకు నిరపాయమా? కాదు, ఇచట అది బాటను విడిచి చూపును దెబ్బతీయును.

మబ్బులేని నిడుద రేయి నేల తన వేడిమిని ఆకాశమునకు వదలివేయును. నేలనంటిన గాలి చల్లబడి, అందలి ఆవిరి సన్నని తుంపురులగును. శామీర్‌పేట పెద్దచెరువు, చుట్టునున్న పొలములు ఆ గాలికి తడిని సమకూర్చును. తెల్లవారుజామున రాజీవ్ రహదారిపై పోవు పాలబండికిని, బడిపిల్లల బస్సునకును అదియే తెర.

చూపు ఏబది మీటర్లకు తగ్గినదనుకొందము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 22 మీటర్లు దాటును. ఎదుట ఆగియున్న లారీని గుర్తించి బ్రేకుపై కాలు మోపులోపల ఒకటిన్నర సెకను గడచినచో 33 మీటర్లు కరగిపోవును. మిగిలినవి పదునేడు. పొడిబాటపైనను ఆ కారు ఆగుటకు ముప్పదియైదు మీటర్లు కావలెను; మంచుకు తడిసిన బాటపై ఇంకను ఎక్కువ. ఈ లెక్క ఏడవ తరగతి విద్యార్థికి సులభసాధ్యము; పెద్దలు మాత్రము బండి యెక్కగానే దీనిని మరతురు.

పెద్దదీపము వేసినను ఫలము లేదు. తుంపురులు ఆ వెలుగును తిరిగి కన్నులకే కొట్టును; దిగువదీపమే మేలు. అంతకంటె మేలు, వేగము తగ్గించుట. శ్రీనగరపు బాటను కాపాడుటకు ఇంజనీరుల విద్య కావలెను. మేడ్చల్, శామీర్‌పేటలలో ప్రాణము కాపాడుకొనుటకు, పొద్దు బారెడెక్కువరకు ఓర్పు చాలును.