జెనిన్ శిబిరంలో పిల్లల నాటకశాల

బడి మూతపడి, వీధిలో సైనికులు తిరుగుతుంటే పిల్లలు ఏం చేయాలి? పాలస్తీనాలోని జెనిన్ శరణార్థి శిబిరంలో ఆర్నా మేర్ ఖమీస్ వారికి కాగితాలు, రంగులు ఇచ్చారు. ఆమె యూదు కుటుంబంలో పుట్టిన మహిళ. 1987లో మొదలైన ఇంతిఫాదా రోజులవి. మనసులోని భయాన్ని, కోపాన్ని పిల్లలు బొమ్మల్లో చూపారు, తర్వాత నాటకాల్లో చూపారు. ఆ నాటకాల కోసం శిబిరంలోని ఒక తల్లి తన ఇంటి పై అంతస్తునే ఇచ్చేసింది. ఎంత పెద్ద మనసు! 1993లో ఆర్నాకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. 1995లో ఆమె మరణించారు.

2002లో ఇజ్రాయెల్ సైన్యం దాడిలో ఆ నాటకశాల నేలమట్టమైంది. ఇల్లిచ్చిన తల్లి కూడా ఆ ఏడాదే తూటాకు బలైంది. ఆర్నా వద్ద నటన నేర్చిన పిల్లల్లో కొందరు పెద్దయ్యాక తుపాకీ పట్టి చనిపోయారు. మరి నాటకం వల్ల ఒరిగిందేమిటని అడిగేవారున్నారు. ఇల్లూ బడీ పోయిన చోట నాటకాన్ని ఒక్కదాన్నే నిలదీయడం ఇన్సాఫ్ కాదు.

ఆర్నా కుమారుడు జూలియానో మిత్రులతో కలిసి 2006లో అక్కడే ఫ్రీడమ్ థియేటర్ తెరిచాడు. నటనతోపాటు ఫొటోగ్రఫీ కూడా నేర్పారు. అమ్మాయిలు, అబ్బాయిలు ఒకే వేదిక ఎక్కడం కొందరు పెద్దలకు రుచించలేదు. అయినా పిల్లలు రావడం మానలేదు. 2011 ఏప్రిల్‌లో థియేటర్ దగ్గరే జూలియానోను కాల్చి చంపారు. థియేటర్ మాత్రం ఆగలేదు. 2025 జనవరిలో మొదలైన సైనిక చర్యతో శిబిరమే ఖాళీ అయింది. వేలాది కుటుంబాలు చెదిరిపోయాయి, ఆ పిల్లలతో సహా.