మిద్దె మీది డిష్ ఎటు చూస్తోంది?

హిందూపురంలో ఏ మిద్దె ఎక్కి చూసినా ఇంటి టీవీ డిష్ ఉత్తరానికి తిరిగి కనిపించదు. అన్నీ దక్షిణానికీ తూర్పుకీ మధ్యలోనే ఎక్కడో ఒకచోట చూస్తుంటాయి. పెనుకొండలో అంతే, ధర్మవరంలోనూ అంతే. ఇందులో వాస్తు ఏమీ లేదు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమి తిరిగే వేగానికే తిరుగుతుంటాయి. అందుకే మనకు కదలనట్టు కనిపిస్తాయి. మన ఊళ్లు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి కాబట్టి దక్షిణానికి తిరగాలి. మన రేఖాంశం 77.6 డిగ్రీలు, మనకు చానళ్లు పంపే డీటీహెచ్ ఉపగ్రహాలేమో 83 నుంచి 108 డిగ్రీల మధ్య ఉన్నాయి. కాబట్టి తూర్పుకూ జరగాలి.

ఎంత జరగాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. పెనుకొండ నుంచి లెక్క వేస్తే, 83 డిగ్రీల దగ్గరున్న టాటా ప్లే ఉపగ్రహం దాదాపు నడినెత్తిన, 72 డిగ్రీల ఎత్తులో, దక్షిణానికి కాస్త ఎడంగా ఉంటుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్‌ది 93.5 డిగ్రీల స్థానం. అది అచ్చమైన ఆగ్నేయం, ఎత్తు 65 డిగ్రీలు. 108.2 దగ్గరున్న ఎయిర్‌టెల్ ఉపగ్రహం తూర్పుకు బాగా ఒరిగి, 51 డిగ్రీలకు దిగుతుంది. అనుభవమున్న మెకానిక్ వీధిలో నిలబడి, డిష్ తిరిగిన తీరు చూసి కంపెనీ పేరు చెప్పేయగలడు.

అయితే డిష్ ముఖం చూసి మాత్రం మోసపోకూడదు. 65 డిగ్రీల ఎత్తుకు గురిపెట్టిన డిష్ కూడా అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. పెద్ద పారాబొలా గిన్నెలో పక్కనుంచి ఒక ముక్క కోసి తీసినదే ఈ డిష్. తరంగాలు పైనుంచి ఏటవాలుగా వచ్చి, కింది కమ్మీ చివరన సంకేతాన్ని అందుకునే ఎల్ఎన్‌బీ దగ్గర కలుస్తాయి. నిజమైన చూపు ముఖం కన్నా ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుంది. ఎల్ఎన్‌బీ నీడ డిష్ మీద పడకుండా చేసుకున్న ఏర్పాటు ఇది.

పెనుకొండ వాళ్లకు కొండ అడ్డొస్తుందేమోనన్న దిగులూ అక్కర్లేదు. 65 డిగ్రీల చూపుకు డిష్ కన్నా పదడుగులు ఎత్తున్న వస్తువు అయిదడుగుల లోపల ఉంటేనే అడ్డం. కాబట్టి కొండను వదిలేసి మిద్దె మీది నీళ్ల ట్యాంకునూ పక్కింటి కొబ్బరిచెట్టునూ చూసుకోవాలి. ఎయిర్‌టెల్ అయితే ఇంకాస్త దూరం, ఎనిమిదడుగుల వరకూ చూసుకోవాలి.

ఈ రెండడుగుల డిష్‌కు పెద్దన్న ఒకడున్నాడు. ఆర్థర్ సి. క్లార్క్ 1945లో రాసిన ఉపగ్రహ ప్రసారాల ఊహ మన పల్లెలకు 1975లో దిగింది. అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో సైట్ అనే ఉపగ్రహ విద్యా టీవీ ప్రయోగం నడిచింది. పదడుగుల జాలీ గిన్నెలు, హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైన టీవీలు పల్లెలకు వెళ్లాయి. అప్పట్లో మన పక్క జిల్లా అయిన కర్నూలు ఆ జాబితాలో ఉంది. అప్పటి మన జిల్లా అనంతపురానికి వంతు రాలేదు. ఏటీఎస్-6 తనకు తానే ముప్పై అడుగుల యాంటెన్నాను ఆకాశంలో విప్పుకుంది కాబట్టే పల్లెలో కోడిగూటి జాలీలాంటిది సరిపోయింది. ఈ యంత్రం కథంతా ఈ లెక్కలోనే ఉంది: పైన బలం పెరిగేకొద్దీ కింద గిన్నె చిన్నదవుతుంది.

తర్వాతి మజిలీ ఇంకా విచిత్రం. 1984 ఫిబ్రవరిలో వెస్టార్-6 అనే ఉపగ్రహం దారి తప్పి పనికిరాని కక్ష్యలో చిక్కుకుంది. అదే ఏడాది నవంబరులో డిస్కవరీ షటిల్‌లో వెళ్లిన వ్యోమగాములు దాన్ని పట్టుకుని కిందికి తెచ్చారు. బాగుచేసి, ఏషియాశాట్-1 అని పేరు మార్చి, 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద మళ్లీ పంపారు. 1991లో స్టార్ టీవీ, మరుసటి ఏడు జీ టీవీ మనకు దిగింది ఈ సెకండ్‌హ్యాండ్ ఉపగ్రహం నుంచే! 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక తెలుగు ఊళ్లలో కేబుల్ వాళ్ల మిద్దెలన్నీ సీ-బ్యాండ్ తరంగాలు పట్టే పెద్ద గిన్నెలతో నిండిపోయాయి. ఇంటికొకటి పెట్టుకోవడానికి అంత పెద్ద గిన్నె ఎవరికి కుదురుతుంది?

కుదిరించింది కేయూ బ్యాండ్. సీ-బ్యాండ్ తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లయితే దీనిది రెండున్నర, అందుకే చిన్న గిన్నె చాలు. కానీ ఇంటి డిష్‌కు ప్రభుత్వం 1997లో అడ్డుకట్ట వేసి, 2000 నవంబరులో గానీ తీయలేదు. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత డీడీ డైరెక్ట్ ప్లస్ (ఇప్పటి ఫ్రీ డిష్), 2006లో టాటా స్కై (ఇప్పటి టాటా ప్లే) వరసగా వచ్చాయి. పొట్టి తరంగానికి ఒక జబ్బుంది. జోరువాన పడితే చినుకులు దాన్ని మింగేస్తాయి. కోనసీమలో ఇది పెద్ద ఫిర్యాదే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మన ఊళ్లలో, బొమ్మ పోయినా ఫరవాలేదు వాన రానీ అనేవాళ్లే ఎక్కువ.

ఇక ఎల్ఎన్‌బీ. పిడికెడంత ఉండే దీని గురించి కొనేవాళ్లెవరూ అడగరు గానీ, నా లెక్కలో అసలు యంత్రం ఇదే. డిష్ ఒట్టి రేకు. పన్నెండు వందల కోట్ల హెర్ట్జ్ దగ్గర వచ్చే బలహీనమైన సంకేతాన్ని ఎల్ఎన్‌బీ పెంచుతుంది, మామూలు తీగలో ప్రయాణించగలిగేలా 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించుతుంది. దానికి కరెంటు కూడా ఆ తీగలోంచే పైకి వెళ్తుంది. కింది పెట్టె 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు పట్టుకుంటుంది. కాబట్టి సగం చానళ్లు వచ్చి సగం రాకపోతే డిష్‌ను తిప్పకముందు తీగనూ దాని కొసల్లోని కనెక్టర్లనూ చూడాలి. తేమ చేరి చిలుమెక్కిన కొస దగ్గర వోల్టేజీ పడిపోతే 18 కాస్తా తగ్గిపోతుంది.

గురి విషయంలో ఈ రేకు మహా పట్టుదల మనిషి. మిద్దె మీద ఒకరు, కింద టీవీ ముందు ఒకరు: "ఇంగ రొంత తిప్పునా... ఆఁ, వచ్చె! ఇంగ కదిలీయాకు." ఆ రొంత ఎంతో 2010 జూలైలో చాలామందికి తెలిసొచ్చింది. ఇన్‌శాట్-4బీ సౌరఫలకాల విద్యుత్ వ్యవస్థలో లోపం వచ్చి, సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. 93.5 దగ్గరున్న దానిమీద ఆధారపడ్డ సన్ డైరెక్ట్ 91.5 దగ్గరి మీశాట్-3కి మారింది. తేడా రెండే డిగ్రీలు. డిష్ అంచు దగ్గర కొలిస్తే దాదాపు ఒక్క సెంటీమీటరు. ఆ సెంటీమీటరు కోసం మిద్దెలన్నీ మళ్లీ ఎక్కాల్సి వచ్చింది.

సూర్యుడూ ఏడాదికి రెండుసార్లు అడ్డు తగులుతాడు. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులు ఉపగ్రహం వెనకనుంచి దాటిపోతాడు. ఫ్రీ డిష్ ఇళ్లలో ఉదయం పదకొండు ప్రాంతంలో కాసేపు బొమ్మ చెదురుతుంది. అప్పుడు మెకానిక్‌ని పిలిచి డబ్బులివ్వనక్కర్లేదు.

మరి ఏది కొనాలి? రేకులో, ఎల్ఎన్‌బీలో కంపెనీల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందూపురంలో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కొన్ని ఇళ్లలో అటుదిటు. రెండు భాషల సీరియళ్లూ కావాలంటే డబ్బు కట్టే కంపెనీయే దిక్కు. 2019 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం చానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు కాబట్టి వాళ్లిచ్చే ప్యాకే తీసుకోవాలని లేదు. వార్తలూ దూరదర్శన్ సప్తగిరీ చందనా చాలనుకుంటే ఫ్రీ డిష్ మేలు, నెలనెలా కట్టేది ఉండదు. పెట్టె మాత్రం ఎంపెగ్-4ది అడిగి తీసుకోండి. పాత రకం ఎంపెగ్-2 పెట్టెలో కొన్ని చానళ్లు తెరుచుకోవు.

కంపెనీ మారితే పాత పెట్టె పనికిరాదు. ఒకరి పెట్టె ఇంకొకరికి పనిచేయాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది గానీ ఇంటిదాకా రాలేదు. డిష్‌కు ఆ పట్టింపు లేదు. రీచార్జి ఆపేసి మిద్దె మీద ఎండుతున్న సొంత డిష్ ఉంటే, రేకు సొట్ట పోకుండా ఉంటే చాలు. బోల్టులు వదులుచేసి, ఆగ్నేయానికి 65 డిగ్రీల ఎత్తుకు తిప్పి, ఫ్రీ డిష్ పెట్టె ఒక్కటి కొనుక్కుంటే సరి.