అణు వ్యర్థాల ఆచూకీ పట్టే గామా కెమెరా

జపాన్‌లో 2011 మార్చి 11న సంభవించిన భూకంపం, సునామీల అనంతరం ఫుకుషిమా దైచీ అణు విద్యుత్ కేంద్రంలోని మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. శిథిలాల తొలగింపునకు దిగిన వారికి ఎదురైన తొలి ప్రశ్న... కిరణాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చేతిలోని మీటరు నిల్చున్న చోట తీవ్రత ఎంతో చెబుతుంది. అది గోడ నుంచి వస్తోందో, పైనున్న గొట్టం నుంచి వస్తోందో చెప్పదు. అడుగడుగునా వెదకాలంటే అంతసేపూ కార్మికుడి శరీరంపై కిరణాలు పడుతూనే ఉంటాయి. అక్కడి నిబంధనల ప్రకారం సాధారణంగా ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 మించరాదు. వెదుకులాటకే ఆ మోతాదు చెల్లిపోతే అసలు పనికి మనుషులే మిగలరు.

అందుకే మోసుకెళ్లగల గామా కెమెరాలకు ప్రాధాన్యం పెరిగింది. జపాన్ అణుశక్తి సంస్థ పరిశోధకులు చిన్నపాటి కెమెరాను రోబోకు అమర్చి రియాక్టర్ భవనాల్లోకి పంపి, తీవ్రత అధికంగా ఉన్న చోట్లను గుర్తించారు.

దారి తెలిసేదిలా...

గామా కిరణాలు మామూలు కటకానికి లొంగవు. ఇక్కడ అక్కరకొచ్చింది అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1923లో వెల్లడించిన సూత్రం. క్యారమ్ బోర్డుపై కాయను తాకిన స్ట్రైకర్ దారి మార్చుకున్నట్లే, కెమెరాలోని మొదటి స్ఫటికంలో ఎలక్ట్రాన్‌ను ఢీకొన్న కిరణం కొంత శక్తిని కోల్పోయి పక్కకు మళ్లుతుంది. రెండో స్ఫటికం దానిని పీల్చుకుంటుంది. రెండు చోట్లా నమోదైన శక్తిని బట్టి కిరణం ఎంత కోణంలో మళ్లిందో లెక్క తేలుతుంది. ఒక్క కిరణంతో తెలిసేది శంకువు ఆకారంలోని దిశ మాత్రమే. వందలాది శంకువులు కలిసే చోటే మూలం. దానిని సాధారణ ఛాయాచిత్రంపై రంగు మచ్చగా చూపుతారు.

కిరణం శక్తిని బట్టి పదార్థం పేరూ తెలుస్తుంది. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులైతే సీజియం-137 అన్నమాట. దాని తీవ్రత సగానికి తగ్గేందుకు 30 ఏళ్లు పడుతుంది. కోబాల్ట్-60కి ఐదేళ్లకు పైగా చాలు. వ్యర్థాల పీపాను ఎంతకాలం, ఎంత మందమైన గోడల మధ్య భద్రపరచాలన్నది ఈ తేడాపైనే ఆధారపడుతుంది.

అయితే కెమెరా అన్నీ చూడలేదు. ఒకే చోటి నుంచి తీసిన చిత్రం దిశను చూపుతుందే తప్ప లోతును చూపదు. పీపాను పలు వైపుల నుంచి చూడక తప్పదు. స్ట్రాన్షియం-90 ప్రధానంగా బీటా కణాలనే వెలువరిస్తుంది కాబట్టి నేరుగా చిక్కదు. ప్లుటోనియం నుంచి వెలువడే గామా కిరణాలు బలహీనమైనవి. వీటి లెక్క తేల్చేందుకు నేటికీ నమూనాలు సేకరించి ప్రయోగశాలకు పంపుతున్నారు.