మీకు తెలుసా? ఆమ్లం తగిలితే ఎంజైముల పని ఏమవుతుందో!

ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే. ప్రతి ఎంజైముకూ తనకు సరిపడే పీహెచ్ ఉంటుంది. అది తప్పితే ప్రోటీను మడతలు విడిపోయి, ఆకారం చెడి, పని మందగిస్తుంది లేదా ఆగిపోతుంది.

• లాలాజలంలోని అమైలేజ్ పీహెచ్ 7 దగ్గర పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. అన్నాన్ని బాగా నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసేకొద్దీ దాని పని ఆగిపోతుంది.

• పెప్సిన్‌కు మాత్రం ఆ ఆమ్లమే కావాలి. 1836లో థియోడోర్ ష్వాన్ కనుగొన్న ఈ ఎంజైము పీహెచ్ 2 దగ్గర ప్రోటీన్లను చురుగ్గా ముక్కలు చేస్తుంది. ఆహారం చిన్నపేగులోకి చేరాక క్లోమరసంలోని బైకార్బనేట్ ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. దాంతో పెప్సిన్ ఆగి, ట్రిప్సిన్ పని మొదలవుతుంది.

• కోసిన ఆపిల్ ముక్క పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వల్ల గోధుమరంగుకు తిరుగుతుంది. నిమ్మరసం రాస్తే ఆ ఎంజైము మందగించి, ముక్క చాలాసేపు రంగు మారకుండా ఉంటుంది.

• ఎంజైములు కాని ప్రోటీన్లపైనా ఆమ్లం ప్రభావం ఉంటుంది. కాగిన పాలలో నిమ్మరసం పిండితే కేసీన్ కణాలపై విద్యుదావేశం తగ్గుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకోలేక అవి గడ్డకడతాయి. పాలు విరిగి పనీరు వచ్చేది ఇలాగే.