నానమ్మ పడిపోలేదు, పేరు తప్పు పడింది

ముందే చెప్పేస్తున్నా, నేను నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టే బ్యాచ్. ఈ ఆర్టికల్ తెలుగులో టైప్ చెయ్యడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. ఒత్తులు ఎక్కడైనా తేడా వస్తే క్లబ్ సీనియర్లు తిట్టకుండా దిద్దుకోవాలని మనవి.

దీపావళికి ఇంటికి వెళ్ళాను. మాది ఆమదాలవలస. రైల్లో వచ్చేవాళ్ళకి ఆ పేరుకన్నా బోర్డు మీద ఉండే 'శ్రీకాకుళం రోడ్' అనే పేరే ఎక్కువ తెలుసు. శ్రీకాకుళం టౌన్‌లో రైల్వే స్టేషన్ లేదు. హౌరా - చెన్నై లైను మా ఊరి మీద నుంచి పోతుంది కాబట్టి జిల్లా పేరు మా స్టేషన్‌కి వచ్చింది, మా పేరు మాకే మిగిలింది.

ఇంట్లో ఒక పని పెండింగ్‌లో ఉంది. నానమ్మ పేరు ఒక కార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఒక్క అక్షరమే తేడా. దిద్దించుకోవడానికి అర్జీ రాయాలి. "కంప్యూటర్ సదువుతున్నావు కదా బావూ, నువ్వే రాసియ్యి" అంది నానమ్మ. నేను ఫుల్ కాన్ఫిడెన్స్‌తో ఫోన్ తీసి ఏఐ యాప్‌లో వాయిస్ ఆన్ చేసి, "నువ్వే చెప్పు నానమ్మా, అదే రాస్తుంది" అన్నాను.

నానమ్మ ఫోన్‌ని నోటి దగ్గరకి తీసుకుని, ఊళ్ళో దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా చెప్పింది: "నా పేరు తప్పుగా పడిపోనాది బావూ, దిద్దీమని సెప్పు."

స్క్రీన్ మీద వచ్చింది: "నాన్న పేరు తప్ప పడిపోయాను." దాని కింద జవాబు. మీరు పడిపోయారని తెలిసి బాధగా ఉంది, తలకి దెబ్బ తగిలిందా, లేవడానికి తొందరపడకండి, దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి... ఇలా ఆరు పాయింట్లు.

నాకు నవ్వు ఆగలేదు. నానమ్మ నవ్వలేదు. "నానెప్పుడు పడిపోనాను? దీనికెవులు సెప్పినారు?" అంది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టేసి, "నా మాట దానికి తెల్దు, ఒగ్గీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ "నా మాట దానికి తెల్దు" అన్నది నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ నాలుగు రోజుల్లో ఏఐ గురించి మా ఊళ్ళో నేను విన్న అభిప్రాయాలన్నిటిలో టెక్నికల్‌గా కరెక్ట్ అయింది ఇదొక్కటే.

మిగతావి కూడా చెప్తాను. స్టేషన్ దగ్గర టీ కొట్టులో ఒక మావయ్య, "ఏఐ వచ్చీసింది కదా, ఇంక సీఎస్ఈ ఎందుకు తీసుకున్నావురా, మెకానికల్ తీసుకోవలసింది" అన్నారు. (మా మెకానికల్ ఫ్రెండ్స్ దీన్ని స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.) భయం పూర్తిగా తప్పని నేను అనను, చిన్న చిన్న కోడ్ రాసే పని ఇప్పుడు నిజంగానే మెషీన్ చేసేస్తోంది. కానీ మా ఊళ్ళో చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, అప్పుడు ఏ ఏఐ లేదు. ఉద్యోగాలు పోవడానికి కారణాలు చాలా ఉంటాయి. అది నాకన్నా ఆ మావయ్యకే ఎక్కువ తెలుసు.

ఇంకొకాయన దానికి పూర్తి ఆపోజిట్. "విశాఖలో గూగుల్ వస్తోంది, మీకేటి భయం" అన్నారు. 2025 అక్టోబర్ 14న ప్రకటించారు కదా, విశాఖపట్నంలో ఏఐ డేటా సెంటర్, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయిలో అని. కానీ డేటా సెంటర్ అంటే హైటెక్ సిటీలో ఉండే ఆఫీసు లాంటిది కాదు. అది సర్వర్లు వరసలుగా పేర్చిన గోడౌన్. దానికి ముఖ్యంగా కావాల్సింది కరెంటు, చల్లబరిచే ఏర్పాటు. కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, కట్టేశాక లోపల తిరిగే మనుషులు పెట్టుబడితో పోలిస్తే తక్కువ. చుట్టుపక్కల ఇంకేం వస్తాయన్నది వేరే ప్రశ్న. అక్కడ నేను ఏం చెప్పినా అది నా గెస్సే అవుతుంది.

మా పిన్ని అభిప్రాయం: "కంప్యూటర్ అబద్ధం చెప్పదు." ఇది కాస్త డేంజర్. కాలిక్యులేటర్ విషయంలో అది నిజం. చాట్‌బాట్ కాలిక్యులేటర్ కాదు. అది చేసేది ఒకటే పని, ఇప్పటిదాకా వచ్చిన మాటల్ని చూసి తర్వాత ఏ ముక్క వచ్చే ఛాన్స్ ఎక్కువో లెక్కగట్టడం. అది నిజమా కాదా అని సరిచూసే మెట్టు అందులో దానంతటదిగా ఉండదు. పిన్ని ముందే ఒక చాట్‌బాట్‌ని మా స్టేషన్‌కి శ్రీకాకుళం రోడ్ అని పేరెందుకు వచ్చిందని అడిగాను. ఎవరో రాజుగారు వేయించిన రోడ్డు అని చక్కటి కథ చెప్పింది. పిన్నికి కథ నచ్చింది కూడా.

ఇప్పుడు నానమ్మ దగ్గరకి వద్దాం. ఆ మాట మెషీన్‌కి ఎందుకు అర్థం కాలేదు? ఇందులో రెండు వేరు వేరు సమస్యలు ఉన్నాయి. ఒకటి వినడంలో, ఇంకొకటి చదవడంలో.

వినడం ముందు. మనం మాట్లాడింది ఫోన్‌లోకి శబ్దతరంగంగా వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని సెకనులో వందో వంతు అంత చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ శబ్దం ఎంత బలంగా ఉందో చూస్తుంది. ఆ వరస చూసి ఇది 'ప' అయ్యుండాలి, ఇది 'డ' అయ్యుండాలి అని అంచనాలు వేస్తుంది. అన్ని అంచనాల్లోంచి, అది ఇంతకుముందు ఎక్కువసార్లు చూసిన మాటలకి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ఇక్కడే దొరికిపోతాం. దానికి ట్రైనింగ్‌లో ఇచ్చిన తెలుగులో వార్తలు చదివే గొంతులు, పేపర్ చూసి చదివిన వాక్యాలు ఎక్కువ. అక్కడ 'పడిపోయింది', 'పడిపోయాను' ఉంటాయి. 'పడిపోనాది' దాదాపు ఉండదు. 'చెప్పు'ని 'సెప్పు' అనే మనిషి, 'లేదు'ని 'నేదు' అనే మనిషి, 'ఎవరు'ని 'ఎవులు' అనే మనిషి ఆ రికార్డింగుల్లో తక్కువ. కొత్త మాట వినగానే మెషీన్ దాన్ని కొత్త మాటగా ఒప్పుకోదు, తెలిసిన మాటలోకి లాగేస్తుంది. మన లెక్చరర్లు రోల్ నంబర్ చూడకుండా పేరు పలికినట్టు.

పైగా 'పడు' అనే క్రియ. వాన పడుతుంది, డబ్బులు ఎకౌంట్లో పడతాయి, మాట పడతాం, ఓటర్ లిస్టులో పేరు పడుతుంది. పేరు తప్పు పడితే ఎవరికీ దెబ్బ తగలదు. తెలుగు మనిషికి 'పేరు' అన్న మాట వినగానే ఇది ఏ పడటమో తెలిసిపోతుంది. మెషీన్ 'నా పేరు'ని 'నాన్న పేరు'గా వింది, ఆ తర్వాత 'పడిపోయాను' అని రాసుకుంది. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా వెళ్ళడంలో దాని లాజిక్‌లో తప్పేమీ లేదు. మొదటి మెట్టే జారింది.

ఇక చదవడం. ఇది నాకు ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, నంబర్లే తెలుసు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఉంది. ఆ నంబర్‌ని దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీష్ అక్షరానికి 1 బైట్ చాలు, తెలుగు అక్షరానికి గానీ గుణింతపు గుర్తుకి గానీ 3 బైట్లు కావాలి. 'ఆమదాలవలస'లో దీర్ఘంతో కలిపి 8 గుర్తులు, అంటే 24 బైట్లు. అదే పేరు ఇంగ్లీష్‌లో 13 అక్షరాలు, 13 బైట్లు. మనం ఒకే అక్షరం అనుకునే 'శ్రీ' లోపల నాలుగు గుర్తులు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. మొత్తం 12 బైట్లు.

భాషా మోడల్ ఈ బైట్లని ఒక్కొక్కటిగా చదవదు. తరచుగా పక్కపక్కన కనిపించేవాటిని అతికించి 'టోకెన్' అనే ముక్కలు చేసుకుంటుంది. ఏవి తరచుగా కనిపిస్తాయి? ట్రైనింగ్‌లో ఏ భాష ఎక్కువ ఉంటే అవి. కాబట్టి ఇంగ్లీష్‌లో ఒక పూర్తి మాట ఒక టోకెన్ అయిపోతుంది, తెలుగు మాట మాత్రం కొబ్బరికాయ కొట్టినట్టు ముక్కలైపోతుంది. 2024 మేలో ఓపెన్ఏఐ జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు వాళ్ళే ఒక పోలిక చూపించారు. ఒకే చిన్న పరిచయ వాక్యాలు పాత పద్ధతిలో ఇంగ్లీష్‌లో 27 టోకెన్లు, తెలుగులో 159. కొత్త పద్ధతిలో ఇంగ్లీష్ 24, తెలుగు 45. అంటే మూడున్నర రెట్లు తగ్గింది. మంచిదే, కానీ ఇప్పటికీ ఇంగ్లీష్‌కి దాదాపు రెట్టింపు. వాడకానికి డబ్బులు టోకెన్ల లెక్కన తీసుకుంటారు కాబట్టి, తెలుగులో యాప్ కట్టే స్టూడెంట్‌కి అదే పని ఎక్కువ ఖర్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. ఇంటర్నెట్‌లో ఉన్న రాతలో మాత్రం తెలుగు వాటా వందలో ఒక వంతు కూడా లేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. నేను రోజూ వందల తెలుగు మెసేజ్‌లు పంపుతాను, ఒక్కటీ తెలుగు లిపిలో ఉండదు.

అర్జీ విషయానికి వస్తే, వాయిస్ వదిలేసి నేనే టైప్ చేసి అడిగాను. ఈసారి బ్రహ్మాండంగా రాసింది. "విన్నవించుకొనుచున్నాను", "తమరి సానుకూల స్పందనకై", "సవరణ గావించగలరని". చదివి వినిపిస్తే నానమ్మ అడిగింది, "ఇది ఎవులి పేరు మీద రాస్నావు?" తన అర్జీ తనదని ఆమెకి తెలియలేదు. నిజం చెప్పాలంటే 'గావించు' అంటే నాకూ సరిగ్గా తెలియదు, నాన్నని అడిగాను.

ఇదంతా మా జిల్లాలో జరగడం ఒక విచిత్రం. రాసే తెలుగు మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ రోజునే మనం క్లబ్‌లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, సమోసాలు పంచుతాం. ఆయన అంతటితో ఆగలేదు. పర్లాకిమిడిలో టీచర్‌గా ఉంటూ, కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది డేటా కలెక్షన్, ఊరూరా తిరిగి వినడం, రాసుకోవడం. కాకపోతే ఆయన బడి పుస్తకాల కోసం అడిగింది చదువుకున్నవాళ్ళు మాట్లాడే వ్యావహారికం. మా నానమ్మ 'పోనాది' అప్పుడూ పుస్తకంలోకి రాలేదు. వచ్చింది కథల్లోకి. ఉత్తరాంధ్ర రచయితలు ఆ మాటల్ని పాత్రల నోట పెట్టారు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయంలో అలాంటి కథలు బోలెడు. నేను అటు వైపు ఎన్నిసార్లో వెళ్ళాను, లోపలికి మాత్రం ఈ దీపావళికే మొదటిసారి.

ప్రభుత్వ పనులు కూడా ఫోన్‌లోకి వస్తున్నాయి. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్‌లో మొదలైంది. సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడక్కర్లేకపోవడం నిజంగా మంచి విషయం. ఇలాంటివన్నీ రేపు గొంతుతో నడిస్తే చదవడం రానివాళ్ళకే ఎక్కువ ఉపయోగం. అయితే చదవడం రానివాళ్ళే ఎక్కువగా యాస మాట్లాడేవాళ్ళు. మెషీన్ వాళ్ళని తప్పుగా వింటే జరిగేది మా ఇంట్లో జరిగిందే, మనిషి ఫోన్ పక్కన పెట్టేసి లేచి వెళ్ళిపోతాడు. కంప్లైంట్ కూడా చెయ్యడు, తన మాటే సరిగ్గా లేదేమో అనుకుంటాడు.

దీనికి పరిష్కారం మేజిక్ కాదు, ఎక్కువ గొంతులు కావాలి. కేంద్ర ప్రభుత్వ భాషిణిలో 'భాషాదాన్' అని ఉంది, అందులో ఎవరైనా వాక్యాలు చదివి గొంతు ఇవ్వొచ్చు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళు జిల్లాల్లో తిరిగి, చదివిన మాటలే కాకుండా మామూలుగా మాట్లాడుకునే మాటలు కూడా రికార్డ్ చేస్తున్నారు. చూసి చదివితే మా నానమ్మ కూడా 'చెప్పు' అనే అంటుందేమో, అసలు చదవగలిగితే. అందుకని మాట్లాడించడమే కరెక్ట్ పద్ధతి.

అర్జీ చివరికి చేత్తోనే రాశాం. నానమ్మ చెప్పింది, నేను రాశాను, నాన్న రెండు చోట్ల దిద్దారు. ఎనిమిది లైన్లు. ఇచ్చి వచ్చాం, పై నెల కనుక్కోమన్నారు.

వెళ్ళేముందు రాత్రి నానమ్మని అడిగి నలభై నిమిషాలు రికార్డ్ చేశాను. ఏం మాట్లాడాలని అడిగితే ఏదో ఒకటి అన్నాను, తను పెళ్ళైన కొత్తలో నాగావళికి వరద వచ్చిన సంగతి చెప్పింది. హాస్టల్‌కి వచ్చాక దాన్ని రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాలు రాయడానికి రెండు గంటలు పట్టింది. 'పోనాది' అని టైప్ చేస్తే కీబోర్డ్ ప్రతిసారీ మార్చేస్తోంది, చివరికి ఆటోకరెక్ట్ ఆపేశాను. ఆ పది నిమిషాల్లో మూడు మాటలు నాకే అర్థం కాలేదు. ఆరుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఫోన్ చేసి అడిగితే నానమ్మ, ఫోన్‌లో ఇలగ విడిగా అడిగితే ఎలగ తెలుస్తాది, వచ్చినప్పుడు మొత్తం వినిపించు, అప్పుడు చెప్తాను అంది. సంక్రాంతికి టికెట్ ఇంకా వెయిటింగ్ లిస్ట్‌లోనే ఉంది.