కేక ఎంత దూరమునుండి వచ్చినది?

కొల్లేటికోట దగ్గర ఒక లంకలో ముప్పది ఏండ్ల క్రిందట హత్య జరిగినదనీ, దోషి తేలలేదనీ అనుకొందము. ఆ రాత్రి మేలుకొని ఉన్న వృద్ధుడొకడే సాక్షి. "పక్క గుడిసె వైపునుంచే బాబూ, ఇంత దగ్గర్లో కేక ఇనపడింది" అన్నాడు. అనుమానము పొరుగువానిపై పడినది. ఇప్పుడీ కథను, శ్రోతకు తానే ఆ గుడిసెలో కూర్చున్నట్లు తోచునట్లుగా, శ్రవ్యనాటకముగా కట్టవలెను. ఎట్లు?

ముందు చెవుల సంగతి. కుడిప్రక్క పుట్టిన ధ్వని తలను చుట్టి ఎడమచెవికి చేరవలెను. ఆ ఆలస్యము సెకనులో పదివేలవ వంతులు ఆరేడింటికి మించదు. ఎడమచెవిలో ధ్వని కొంత తగ్గును కూడ. ఈ స్వల్పభేదములనుండియే మెదడు దిక్కును పోల్చుకొనును. తరగతిలో దీనిని చూపుట తేలిక. మీటరు పొడవు రబ్బరు గొట్టపు కొనలను విద్యార్థి రెండు చెవులకు ఆనించి, వెనుక నిలిచి, గొట్టము నడిమిని పెన్సిలుతో తట్టండి. తరువాత రెండు సెంటీమీటర్లు ప్రక్కకు జరిపి తట్టండి. ఏ వైపో వెంటనే చెప్పివేయును. పిల్లలకిది ఎంత ఆటయో, గంట కొట్టినా గొట్టము వదలరు!

నాటకమునకు ఈ భేదములే పెట్టుబడి. బొమ్మతల చెవులలో రెండు మైక్రోఫోనులుంచి రికార్డు చేసి, హెడ్‌ఫోనులలో వినిపింతురు. ఈ పద్ధతిలో 1973లో బెర్లిను రేడియో వినిపించిన 'డెమోలిషన్' కూడ హత్య కథయే. పడవగడ మన కుడిచెవి ప్రక్కనే నీట దిగినట్లుండును. లోపమొకటి ఉన్నది. సరిగా ముందు పుట్టిన ధ్వనియు, వెనుక పుట్టిన ధ్వనియు రెండు చెవులకు ఒకేసారి చేరును. మామూలుగా తల కాస్త త్రిప్పి తేల్చుకొందుము. హెడ్‌ఫోనులతో తల త్రిప్పితే కొల్లేరంతా మనతోనే తిరుగును.

ఇక వృద్ధుని మాట. వెచ్చనిగాలిలో ధ్వని వేగము హెచ్చు. నీటిమీద చల్లగాలి, దానిపై వెచ్చనిగాలి ఉన్న వేళ ధ్వనితరంగపు పైభాగము ముందుకు సాగి, తరంగము క్రిందికి వంగును. పైకి పోవలసిన కేక నీటివెంట చాల దూరము వినిపించును. చెవి దూరమును ఎక్కువగా గట్టితనమును బట్టియే అంచనా వేయును గనుక, అదే దిక్కున ఆవలి లంకలో పుట్టిన కేక పొరుగింటిదిగా తోచవచ్చును. వృద్ధుడు అబద్ధమాడియుండనక్కరలేదు.

కేకను మైక్రోఫోను చెంతనే అరిపించిన నాటకకర్త పొరుగువానికి శిక్ష వేసినట్లే. నేనైతే రెండుమార్లు, ఒకే గట్టితనముతో వినిపింతును. రెండవమారు మాత్రము కీచుస్వరములను కొంచెము తగ్గింతును. దూరప్రయాణములో గాలి ముందుగా హరించునవి అవియే.